మళ్ళీ మామూలు మనిషి ఎప్పుడవుతారు?



పక్షవాతం వచ్చినవారిని వార్డులో చేర్చిన రెండో రోజో మూడో రోజో, ప్రాణానికి భయం లేదని డాక్టరుగారు చెప్పి వెళ్ళిన తరువాత, ఇంటివారు మమ్మల్ని వరండాలోకి పిలిచి మెల్లగా ఒక మాట అడుగుతారు. "సిస్టరమ్మా, మళ్ళీ మామూలు మనిషి ఎప్పుడవుతారు?" భార్య అడిగినా, కొడుకు అడిగినా, అమెరికా నుండి ఫోనులో కూతురు అడిగినా మాట అదే. రోగికి మాట పడిపోయి ఉంటే ఆయన కళ్ళతో అదే అడుగుతారు.

డిశ్చార్జి కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. చెప్పినా ఆ సమయంలో ఎవరి చెవికీ ఎక్కదు. ఆటో మాట్లాడుకోవాలి, మందులు కొనాలి, బిల్లు కట్టాలి. అందుకని ఈ సంచికలో తీరికగా చెప్పుకుందాము. ఇంట్లో పక్షవాతం రోగి ఉన్నవారు దీనిని పెద్దగా చదివి ఆయనకు కూడా వినిపించండి.

మెదడులో ఏమి జరిగింది?

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లి రక్తం కారినా ఆ భాగంలోని కణాలు నిమిషాలలోనే చనిపోవడం మొదలుపెడతాయి. గడ్డ వలన వచ్చినదైతే, దానిని కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపల ఇవ్వగలిగితే చాలామందికి నష్టం తగ్గుతుంది. మూతి వంకరపోవడం, చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం కనబడగానే ఇంట్లో పడుకోబెట్టి తెల్లవారేదాకా చూడకుండా 108కి ఫోను చేయమని మేము ఎప్పుడూ చెప్పేది ఇందుకే.

చనిపోయిన మెదడు కణాలు తిరిగి మొలవవు. ఇది చెప్పడం మాకూ కష్టంగానే ఉంటుంది. కాని ఇది తెలియకపోతే తరువాత చెప్పేదేదీ అర్థం కాదు. అయితే చనిపోయిన భాగం చుట్టూ, ప్రాణముండీ పనిచేయకుండా ఆగిపోయిన భాగం కొంత ఉంటుంది. అది కొన్ని వారాలలో తేరుకుంటుంది. మిగిలిన మెదడు కూడా, సాధన చేయిస్తే, పోయిన పనిలో కొంత నేర్చుకుంటుంది. అందువలన మొదటి మూడు నెలలలో కోలుకోవడం వేగంగా కనిపిస్తుంది. ఆరు నెలల వరకు బాగానే సాగుతుంది. ఆ తరువాత నెమ్మదిస్తుంది, కాని ఆగిపోదు. ఏడాది దాటినవారు కూడా సాధనతో కొత్త పనులు నేర్చుకోవడం మేము చూశాము. చాలామందిలో కాలు ముందు వస్తుంది, చెయ్యి వెనుక వస్తుంది, వేళ్ళ పనితనం అన్నిటికంటే చివర. కొందరికి ఆ వేళ్ళు రావు.

కాబట్టి వరండాలో అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది. కొద్దిమంది పూర్తిగా కోలుకుంటారు. చాలామంది కొంత కోలుకుంటారు. ఎవరికి ఎంత అన్నది మొదటి వారంలో ఎంత పెద్ద డాక్టరైనా తేదీ వేసి చెప్పలేరు. తేదీ వేసి చెప్పేవారు దొరికితే వారి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ఎదురుచూపు చేసే చెరుపు

ఆశ ఉండాలి. అది లేనివారు వ్యాయామం చేయరు. మేము ఇక్కడ చెప్పేది "అచ్చం పూర్వంలాగే అవ్వాలి, అంతకు తక్కువైతే నాకొద్దు" అనే పట్టుదల గురించి. దాని వలన జరిగే నష్టం మేము కళ్ళారా చూస్తూ ఉంటాము.

నెల గడుస్తుంది, చెయ్యి లేవదు. ఎవరో చుట్టం వచ్చి ఫలానా ఊళ్ళో పసరు పోస్తారు, నలభై రోజుల్లో లేచి నడుస్తారు అంటాడు. కారు మాట్లాడుకుని వెళతారు. పథ్యం అంటారు, ఇంగ్లీషు మందులు ఆపమంటారు. బి.పి. మాత్రలు ఆగిపోతాయి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర ఆగిపోతుంది. కొన్ని వారాలకు రెండోసారి పక్షవాతం వచ్చి మా దగ్గరకే తీసుకువస్తారు. ఈసారి మింగుడు కూడా పోయి ఉంటుంది. పావురం రక్తంతో మర్దన చేయించినవారు ఉన్నారు. దాని వలన కోలుకోవడానికి ఏమీ ఒరగదు. స్పర్శ లేని చేతికి వేడి ఇసుక మూటతో కాపడం పెట్టి, చర్మం కాలి బొబ్బలెక్కిన తరువాత తెచ్చినవారూ ఉన్నారు. ఆయనకు కాలిందని తెలియదు మరి. ఆ ఇంటివారిని మేము మూర్ఖులని అనము. ప్రేమతోనే తిరిగారు. అప్పు చేసి మరీ తిరిగారు. కాని ఆ డబ్బూ ఆ నెలలూ ఫిజియోథెరపీకి పెట్టి ఉంటే ఎంతో మేలు జరిగేది. ఆ మొదటి మూడు నెలలు తిరిగి రావు.

రెండో చెరుపు పైకి కనబడదు. రోగి ఇంట్లో అతిథిలాగా కూర్చుంటాడు. బాగయిన తరువాత చేద్దాంలే అని ప్రతి పనీ పక్కన పెడతాడు. బాగయిన తరువాత గుడికి వెళ్దాం, బాగయిన తరువాత మనవడిని ఎత్తుకుందాం, బాగయిన తరువాత నలుగురిలోకి వెళ్దాం. మనవడు ఈలోగా బడికి వెళ్ళే వయసుకు వస్తాడు.

ఒక దర్జీ సంగతి

కొన్నేళ్ళ క్రితం మా వార్డులో ఒక దర్జీ ఉండేవారు. వయసు యాభై పైన. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట కొంచెం తడబడేది గాని అర్థమయ్యేది. రెండు నెలలకు చేతికర్రతో నడిచారు. చెయ్యి మాత్రం భుజం దాకా కదిలి అక్కడ ఆగింది. ఎడమ చేతితో అన్నం తినడం, గుండీలు పెట్టుకోవడం నేర్పుదామని ఫిజియోథెరపీ ఆయన ఎంత ప్రయత్నించినా ఈయన ఒప్పుకోలేదు. కారణం ఏమిటో చాలా రోజులకు వారి భార్య చెప్పింది. "ఎడమ చెయ్యి అలవాటు చేసుకుంటే ఇంక కుడిచెయ్యి రాదని మా ఆయన భయమమ్మా" అని.

ఈ భయం చాలామందిలో ఉంటుంది. నేర్చుకోవడమంటే కుడిచేతికి నీళ్ళు వదులుకోవడమే అనుకుంటారు. నిజానికి రెండూ పక్కపక్కనే నడుస్తాయి. వాతం వచ్చిన చేతికి వ్యాయామం రోజూ చేయించాలి, చిన్న చిన్న పనులు దానితో చేయించాలి. అదే సమయంలో ఈ రోజు అన్నం ఈ రోజే తినాలి కదా, అది బాగున్న చేతితో తినాలి.

ఇంటి దగ్గర ఆయన కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంచేవారట. ఎవరూ ముట్టుకోకూడదు, అమ్మకూడదు. ఎనిమిది నెలలు అలాగే ఉంది. ఇల్లు గడవడం కష్టమై భార్య బీడీలు చుట్టడానికి వెళ్ళేది. తొమ్మిదో నెలలో చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయనే మాతో అన్నారు, "సిస్టరమ్మా, ఈ చెయ్యి ఇంక కత్తెర పట్టదు కదా?" అని. మేము దాచలేదు. పట్టకపోవచ్చు అని చెప్పాము. చాలాసేపు ఏడ్చారు. మేము పక్కన కూర్చున్నాము. ఆ రోజు ఓ.పి. కొంచెం ఆలస్యమైంది, పరవాలేదు.

ఆ తరువాత జరిగినదానిలో అద్భుతమేమీ లేదు. దుప్పటి తీశారు. బావమరిది కొడుకు ఒకడు ఖాళీగా తిరుగుతుంటే వాడిని మిషను మీద కూర్చోబెట్టారు. కొలత ఎక్కడ తీయాలో, గుడ్డ ఎలా మడిచి కత్తిరించాలో, జాకెట్టు చంకలో పట్టేస్తే ఎక్కడ విప్పాలో పక్కన కుర్చీలో కూర్చుని ఈయన చెప్పేవారు. సుద్దముక్కతో గీతలు ఎడమ చేతితో గీసేవారు. మొదట్లో గీత వంకరగా వచ్చేదని ఆయనే నవ్వుతూ చెప్పారు. సంపాదన పూర్వం ఉన్నంత లేదు. చెయ్యి అలాగే ఉంది. వ్యాయామం మాత్రం, ఎనిమిది నెలలు బలవంతంగా చేసినది, ఇప్పుడు తానే అడిగి చేయించుకునేవారు. ఈ ఒక్క సంగతి మమ్మల్ని ఆలోచింపజేసింది. చెయ్యి రాదని ఒప్పుకున్నాక వ్యాయామం మానేస్తారనుకుంటాము. ఇలాంటివారిలో మేము దానికి భిన్నంగా చూశాము. ప్రతిరోజూ ఈ రోజైనా వచ్చిందా అని చూసుకుని నిరాశపడే బాధ పోవడంతో ఆ చేతిని ముట్టుకోవడం సులువైందేమో.

కోపం, ఏడుపు, మౌనం

నర్సింగు చదివేవారికి ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టరుగారి పేరు తెలుసు. స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో పనిచేసిన మానసిక వైద్యురాలు. మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి 1969లో ఒక పుస్తకం రాశారు. చెడు కబురు విన్న మనిషి "నాకు కాదు" అనడం, కోపగించుకోవడం, దేవునితోనో డాక్టరుతోనో బేరమాడడం, దిగులుపడడం, చివరకు ఒప్పుకోవడం, ఈ ఐదు స్థితులను ఆమె వివరించారు. తరువాతివారు దీనిని మెట్ల వరుసలాగా నేర్పారు. వార్డులో మనుషులు మెట్లెక్కినట్టు ఎక్కరు. పొద్దున ఒప్పుకున్నాయన మధ్యాహ్నం పళ్ళెం విసిరేస్తాడు.

ఆ డాక్టరుగారికే 1995లో పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది. 2004లో చనిపోయేవరకు ఇతరుల సాయంతో గడిపారు. ఒప్పుకోవడం గురించి లోకానికి చెప్పిన ఆమె తన స్థితి మీద చాలా కోపంగా ఉండేవారు, ఆ కోపాన్ని దాచుకోలేదు కూడా. కొందరు ఇది విని ఆమెను తప్పుపట్టారు. మాకు మాత్రం ధైర్యంగా అనిపిస్తుంది. అన్నీ తెలిసినవారికే అంత కష్టమైతే, మన ఇంట్లో నాన్నగారు మూడో నెలలో అందరినీ తిట్టడం వింతేమీ కాదు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. పక్షవాతం తరువాత కారణం లేకుండా ఏడుపు గాని నవ్వు గాని వచ్చి ఆగకపోవడం మెదడుకు తగిలిన దెబ్బ వలన కూడా జరుగుతుంది. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నావేమిటని గదమకండి. ఒక నిమిషం మాట మార్చండి, తగ్గుతుంది. ఇక పక్షవాతం వచ్చినవారిలో సుమారు ముగ్గురిలో ఒకరికి డిప్రెషను వస్తుంది. తిండి సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడక గోడవైపు తిరిగి పడుకోవడం, "నేనెందుకు బతికాను" అనడం రెండు వారాలు దాటి ఉంటే డాక్టరుగారికి చెప్పండి. దీనికి మందులు ఉన్నాయి, పనిచేస్తాయి. అలా మౌనంగా ఉన్న మనిషిని చూసి "పరిస్థితిని బాగా అర్థం చేసుకున్నారు, సర్దుకున్నారు" అని బంధువులు మెచ్చుకోవడం మేము విన్నాము. ఒప్పుకున్న మనిషి టీలో పంచదార తక్కువైందని అడుగుతాడు, టీ.వి.లో వార్తలు పెట్టమంటాడు. ఏదీ అడగని మనిషి గురించే మాకు భయం.

మాట పడిపోయినవారి గురించి కూడా. భాష చాలామందికి మెదడు ఎడమ భాగంలో ఉంటుంది. అందుకే కుడివైపు పడిపోయినవారిలో మాట కూడా పోవడం ఎక్కువగా చూస్తాము. మాట రానంత మాత్రాన బుద్ధి పోలేదు. చాలామందికి మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. ఆయన మంచం పక్కనే నిలబడి "ఇంకెన్నాళ్ళో" అని మాట్లాడుకోవద్దు. కాఫీయా, టీయా అని రెండే చెప్పి తల ఊపమనండి. జవాబు వచ్చేవరకు ఆగండి. మన నోటితో ఆయన వాక్యం పూర్తి చేయకండి.

ప్రార్థన చేశాము కదా, ఎందుకు రాలేదు?

ఈ మాట కూడా మమ్మల్ని అడుగుతారు, సంఘస్థులు మరీ ఎక్కువగా. మీ విశ్వాసం చాలలేదని రోగి ముఖం మీదే అన్నవారిని మేము చూశాము. అది చాలా క్రూరమైన మాట. పౌలుగారు తన శరీరంలోని బాధ తొలగాలని మూడుసార్లు వేడుకున్నారని, అది తొలగలేదని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయంలో ఉంది. ఆయన విశ్వాసం తక్కువైందని ఎవరూ అనరు. ఆ బాధతోనే ఆయన ప్రయాణాలు చేశారు, ఉత్తరాలు వ్రాశారు. దీనికంటే ఎక్కువ వివరించడం పాస్టరుగారి పని.

ఇంట్లో రోజు ఎలా గడవాలి

ఉన్న శరీరంతో ఈ రోజు ఏమి చేయగలరో అక్కడినుండి మొదలుపెట్టండి. చొక్కా వేసేటప్పుడు వాతం వచ్చిన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు అది చివర తీయాలి. ఇది తెలిస్తే చాలామంది తామే వేసుకుంటారు. చేతికర్ర బాగున్న చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. మంచం మీదనుండి లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగకండి, భుజం కీలు జారి జీవితాంతం నొప్పి ఉంటుంది. అన్నం నీళ్ళు నిటారుగా కూర్చోబెట్టి మాత్రమే ఇవ్వాలి. తాగేటప్పుడు దగ్గు వస్తే, గొంతు గురగురలాడితే ఆపి మాకు చూపించండి, ఊపిరితిత్తులలోకి పోతోందని అర్థం. కదలలేనివారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. మాత్రలు మాత్రం డాక్టరుగారు ఆపమంటే తప్ప ఆపకూడదు, ఎంత బాగున్నట్టు అనిపించినా సరే.

పది నిమిషాలు పట్టినా ఆయన చొక్కా ఆయననే వేసుకోనివ్వండి. ఆలస్యమవుతోందని మీరు వేసేస్తే మీకు తొమ్మిది నిమిషాలు కలిసి వస్తాయి గాని ఆయనకు ఆ రోజు చేసిన పని ఒకటి తగ్గుతుంది.

సర్టిఫికెట్టు సంగతి కూడా చెప్పాలి. 2016 నాటి చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వ వైద్యులు ధృవీకరిస్తే పింఛను వంటి సదుపాయాలకు అడగవచ్చు. సదరం శిబిరం గురించి గాని యు.డి.ఐ.డి. కార్డు గురించి గాని జిల్లా ఆసుపత్రిలో అడగండి. పక్షవాతానికి సాధారణంగా ఆరు నెలలు గడిచాకే అంచనా వేస్తారు. చాలా కుటుంబాలు ఈ కాగితం తీసుకోవు. "మా నాన్నకు వికలాంగుల సర్టిఫికెట్టేమిటి, రేపో మాపో లేస్తారు" అంటారు. తీసుకుంటే ఓడిపోయినట్టు అనుకుంటారు. ఆ కాగితం వలన కాలు పాడవదు, తీసుకోకపోతే బాగవదు. ఆయన లేచి నడిచిన రోజున కార్డు బీరువాలో పడి ఉంటుంది, అంతే కదా.

చూసుకునేవారి మాట

ఇంతవరకు రోగి గురించే చెప్పాము. వరండాలో ప్రశ్న అడిగిన ఆ భార్యో, కోడలో కూడా ఒకటి వదులుకోవలసి ఉంటుంది. ఆమెకు భర్త ఉన్నాడు, కాని ఆమె పెళ్ళి చేసుకున్న ఆ మనిషి చాలావరకు మారిపోయాడు. మాట్లాడేవాడు మాట్లాడడు, బజారు పనులు చూసుకునేవాడు ఇప్పుడు బాత్రూముకు తీసుకువెళ్ళమంటాడు. మనిషి బతికుండగా దుఃఖపడకూడదని అందరూ అంటారు. దుఃఖపడనివ్వండి. వంటింట్లో ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చే ఆవిడను పట్టించుకునేవారు ఎవరూ ఉండరు. దూరాన ఉన్న పిల్లలు ఫోనులో "ఫిజియో సరిగ్గా చేయిస్తున్నావా, ఇంకా ఎందుకు నడవడం లేదు" అని ఆమెనే నిలదీస్తారు. ఆ పిల్లలకు మేము చెప్పేది, సెలవు పెట్టి ఒక్క వారం వచ్చి రాత్రిళ్ళు మీరు చూసుకోండి, అప్పుడు ఏమి అడగాలో మీకే తెలుస్తుంది.

పరామర్శకు వెళ్ళేవారు "ఏం పరవాలేదు, త్వరలో లేచి పరిగెడతారు" అని చెప్పి యాపిల్ పండ్లు మంచం మీద పెట్టి పది నిమిషాలలో వచ్చేస్తారు. యాపిల్ పండు నమలలేని రోగులే ఎక్కువ. దానికి బదులు ఒక పని చేయండి. మీ సంఘంలో స్త్రీల సమాజంవారు ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని, వారానికి ఒక మధ్యాహ్నం రెండు గంటలు ఆ ఇంటికి వెళ్ళి రోగి దగ్గర కూర్చోండి. పక్కకు తిప్పడం, నీళ్ళు తాగించడం వచ్చేవారిని పంపండి, రాకపోతే మా వార్డుకు రండి, నేర్పుతాము. ఆ రెండు గంటలు ఇంటావిడ ఎక్కడికి వెళుతుందని అడగకండి. బజారుకే వెళ్ళనీ, అక్కచెల్లెలి ఇంటికే వెళ్ళనీ, పక్క గదిలో తలుపు వేసుకుని నిద్రే పోనీ.